ఎండ ఉంది, యూనిట్లు లేవు: సౌర విద్యుత్ వ్యవస్థలో లోపం ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

సోలార్ పెట్టించుకున్నవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది. నిన్న యాప్‌లో ఇరవై రెండు యూనిట్లు చూపించింది, ఇవాళ పద్నాలుగే. ఏం పాడైంది? అడిగితే ఒకరు దుమ్ము అంటారు, ఒకరు ఇన్వర్టర్ అంటారు, ఇంకొకరు ప్యానెళ్లు పాతబడ్డాయంటారు. వీటిలో ఏదైనా నిజం కావచ్చు. అసలు లోపమే లేకపోనూవచ్చు.

సౌర వ్యవస్థలో తిరిగే చక్రాలు లేవు, కాబట్టి పాడైనా చప్పుడు రాదు. లోపం వచ్చాక కూడా అది పనిచేస్తూనే ఉంటుంది, కాకపోతే తక్కువగా. ఆ తక్కువ ఎండ వల్లా, వేడి వల్లా, లోపం వల్లా అన్నది అంకె ఒక్కదాన్నే చూస్తే తేలదు. ఇప్పుడున్న ఎండకు, ఇప్పుడున్న వేడికి ఎంత రావాలో ముందు తెలియాలి. తర్వాతే ఎంత తగ్గిందన్న మాట వస్తుంది. లోపాల నిర్ధారణలో వాడే పద్ధతులన్నీ, చేతిలో ఇమిడే మీటరు మొదలు డ్రోన్‌కు కట్టిన కెమెరా దాకా, ఈ పోలికను రకరకాలుగా చేసేవే.

సెల్ నుంచి ఇన్వర్టర్ దాకా

ప్యానెల్‌లో కనిపించే ఒక్కో నీలం లేదా నల్లటి పలక ఒక సెల్. సిలికాన్ సెల్ ఎండలో ఇచ్చే వోల్టేజీ చాలా తక్కువ, 0.6 నుంచి 0.7 వోల్టులు. అందుకే 60 లేదా 72 సెల్‌లను వరుసగా కలిపి ఒక ప్యానెల్ చేస్తారు. ఈమధ్య సెల్‌లను సగానికి కోసి 120, 144 ముక్కలుగా వాడుతున్నారు. ప్యానెళ్లను మళ్లీ వరుసగా కలిపితే అది స్ట్రింగ్. స్ట్రింగ్ ఇచ్చే డీసీని (ఒకే దిశలో పారే కరెంటును) మన వైరింగుకు, గ్రిడ్డుకు పనికొచ్చే ఏసీగా (దిశ మార్చుకుంటూ పారే కరెంటుగా) మార్చేది ఇన్వర్టర్. వోల్టేజీ, కరెంటు ఏ జోడీలో ఉంటే ఎక్కువ పవర్ వస్తుందో క్షణక్షణం వెతుక్కునే పని కూడా దానిదే.

వరుసగా కలిపిన చోట అన్ని సెల్‌లలోనూ పారేది ఒకే కరెంటు. ఇరుకు డొంకలో బళ్లు ఒకదాని వెనుక ఒకటి పోతున్నప్పుడు ముందున్న నెమ్మది బండి నడకే అందరి నడక అయినట్టు, నీడ పడిన ఒక్క సెల్ వరుస మొత్తాన్ని వెనక్కి లాగుతుంది. పైగా మిగతా సెల్‌ల నుంచి వచ్చే కరెంటు ఆ సెల్ గుండా బలవంతంగా పారి, అక్కడే వేడిగా మారుతుంది. హాట్ స్పాట్ అంటే ఇదే. దీన్ని తప్పించడానికి ప్యానెల్ వెనుక జంక్షన్ బాక్సులో సాధారణంగా మూడు బైపాస్ డయోడ్లు ఉంటాయి. ఒక్కోటి ప్యానెల్‌లో మూడో వంతును కాపాడుతుంది: ఆ భాగం వెనకబడితే కరెంటుకు పక్కదారి ఇస్తుంది. ఆ మూడో వంతు వోల్టేజీ పోతుంది, మిగతాది నిలబడుతుంది. ఈ "మూడో వంతు" ముందు ముందు చాలాసార్లు ఎదురవుతుంది.

5 కిలోవాట్ల వ్యవస్థ 5 కిలోవాట్లు ఎందుకివ్వదు

ప్యానెల్ వెనుక అతికించిన లేబుల్ మీది వాట్లు ప్రయోగశాలలో తేల్చినవి. చదరపు మీటరుకు 1,000 వాట్ల వెలుగు, 25 డిగ్రీల సెల్సియస్ సెల్ ఉష్ణోగ్రత, ఇవీ షరతులు. అంత వెలుగులో ఆరుబయట ఉన్న సెల్ 25 డిగ్రీల దగ్గర ఆగడం అరుదు. మామూలు ఎండలోనే గాలి కంటే 20 నుంచి 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. వేడెక్కిన ప్రతి డిగ్రీకీ పవర్ సుమారు 0.3 నుంచి 0.45 శాతం పడిపోతుంది.

లెక్క వేసి చూద్దాం. 5,000 వాట్ల వ్యవస్థ, వెలుగు 800 వాట్లు, సెల్ ఉష్ణోగ్రత 60 డిగ్రీలు, డిగ్రీకి నష్టం 0.35 శాతం. వెలుగును బట్టి 5,000లో 80 శాతం, అంటే 4,000 వాట్లు. వేడి 25 కంటే 35 డిగ్రీలు ఎక్కువ కాబట్టి 12.25 శాతం నష్టం, మిగిలింది 3,510. ఇన్వర్టర్, వైర్లు, కొద్దిపాటి దుమ్ము కలిపి 7 శాతం పోయాయనుకుంటే దాదాపు 3,260 వాట్లు. నడి మధ్యాహ్నం "5 కిలోవాట్ల" వ్యవస్థ 3.26 కిలోవాట్లు ఇస్తుంటే చూసేవాళ్లకు గుండె జారుతుంది. అందులో లోపం ఒక్కటీ లేదు.

రోజు మొత్తానికి ఇదే లెక్కను పెర్ఫార్మెన్స్ రేషియో అనే అంకెతో చెబుతారు. పడిన వెలుగుకు, లేబుల్ ప్రకారం రావాల్సిన యూనిట్లలో నిజంగా ఎన్ని వచ్చాయన్న నిష్పత్తి ఇది. బాగున్న వ్యవస్థల్లో సాధారణంగా 0.75కూ 0.85కూ మధ్య ఉంటుంది. ప్యానెళ్ల మీద ఆ రోజు చదరపు మీటరుకు 5.5 యూనిట్ల వెలుగు పడితే, 5 కిలోవాట్ల వ్యవస్థకు ఆదర్శం 27.5 యూనిట్లు, నిష్పత్తి 0.8 అయితే వచ్చేవి 22. మబ్బు రోజున వెలుగు 3.5 యూనిట్లే పడితే అదే 0.8తో వచ్చేవి 14. మొదట్లో మనల్ని కంగారు పెట్టిన పద్నాలుగు ఇదే కావచ్చు.

ఈ నిష్పత్తిని కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. వెలుగును కొలిచే సెన్సర్ మీద కూడా ప్యానెళ్ల మీద పడినంత దుమ్మే పడితే, అది వెలుగు తక్కువగా ఉందని చెబుతుంది. రావాల్సింది తగ్గినట్టు, వచ్చింది సరిపోయినట్టు లెక్క తేలుతుంది. దుమ్ము వల్ల పోయిన యూనిట్లు కాగితం మీద మాయమవుతాయి. ఇది సెన్సర్లున్న పెద్ద ప్లాంట్లలో ఎదురయ్యే చిక్కు.

నష్టం ఏ వేళలో వస్తోంది

ఖరీదైన పరికరాలు చేతపట్టకముందే చాలా సంగతులు చెప్పేది రోజు గీత. పొద్దున నుంచి సాయంత్రం దాకా పవర్ ఎలా పెరిగి ఎలా తగ్గిందో చూపే ఆ గీతను ఇన్వర్టర్ యాప్‌లన్నీ దాదాపుగా చూపిస్తాయి. అయినా చాలామంది చూసేది కింద ఉన్న మొత్తం యూనిట్లనే. నన్నడిగితే లోపం వెతకడంలో ఎక్కువగా వృథా అవుతున్న సమాచారం ఇదే.

మబ్బులేని రోజున గీత నున్నటి గుట్టలా ఉండాలి. రోజూ ఒకే వేళకు అందులో గుంట పడుతుంటే అది నీడ. చెట్టో, ట్యాంకో, పక్క గోడో, సూర్యుడు దాని వెనక్కు వెళ్లే వేళ మారదు. నెలలు గడిచేకొద్దీ మాత్రం కొంచెం కొంచెంగా జరుగుతుంది. గీత పైభాగం కత్తితో కోసినట్టు చదునుగా, సరిగ్గా ఇన్వర్టర్ సామర్థ్యం దగ్గర ఆగితే, ప్యానెళ్లు ఇవ్వగలిగింది ఇన్వర్టర్ తీసుకోగలిగినదాని కంటే ఎక్కువగా ఉందని అర్థం. దీన్ని క్లిప్పింగ్ అంటారు. ప్యానెళ్ల సామర్థ్యాన్ని ఇన్వర్టర్ కంటే 20, 30 శాతం ఎక్కువగా పెట్టడం మామూలే కాబట్టి ఇది లోపం కాదు. అదే గీత సామర్థ్యానికి చాలా కిందే ఆగి, బాగా వేడెక్కిన మధ్యాహ్నాల్లో ఇంకా కిందికి వంగుతుంటే కథ వేరు. ఇన్వర్టర్‌కు గాలి ఆడక, తనను తాను కాపాడుకోవడానికి పవర్ తగ్గించుకుంటోందేమో చూడాలి.

గీత ఆకారం చెడకుండా మొత్తంగా కుదించుకుపోవడం ఇంకో సంగతి. ఇక్కడ అడగాల్సింది ఎంత తగ్గిందని, ఎలా తగ్గిందని. ఒకేలాంటి మూడు స్ట్రింగులున్న వ్యవస్థ ఫలానా రోజు నుంచి సరిగ్గా మూడో వంతు తగ్గితే ఒక స్ట్రింగు తెగిపోయింది: ఫ్యూజో, స్విచ్చో, కనెక్టరో. దుమ్ము అలా ఒక్క రోజులో, అంత కచ్చితమైన భిన్నంలో రాదు. వారాల తరబడి కొద్దికొద్దిగా దిగి, మంచి వాన పడిన మర్నాడు ఒక్కసారి పైకి లేస్తే అది దుమ్మే.

లేబుల్‌ను నమ్మి వోల్టేజీ చదివితే

ప్యానెల్ కరెంటు వెలుగును అంటిపెట్టుకుని ఉంటుంది. వెలుగు సగమైతే కరెంటూ దాదాపు సగం. వోల్టేజీ అలా కాదు. వెలుగు ఐదో వంతుకు పడినా అది కొద్ది శాతమే తగ్గుతుంది. వోల్టేజీని శాసించేవి ఎన్ని సెల్‌లు వరుసలో ఉన్నాయన్నదీ, అవి ఎంత వేడిగా ఉన్నాయన్నదీ. అందువల్ల ఏమీ కలపకుండా కొలిచే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ వరుసలో ఎంతమంది హాజరో లెక్కపెట్టినట్టు ఉంటుంది. కరెంటు వాళ్లెంత బలంగా పనిచేస్తున్నారో చెబుతుంది.

పది ప్యానెళ్ల స్ట్రింగు. లేబుల్ మీద ఒక్కో ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 50, కాబట్టి మొత్తం 500 వోల్టులు ఉండాలనిపిస్తుంది. మీటరు 451 చూపింది. 49 తక్కువ. "ఒక ప్యానెల్ పోయింది" అని తీర్పు చెప్పేయడం ఎంత సులభమో చూడండి. కానీ సెల్‌లు 60 డిగ్రీల దగ్గర ఉన్నాయి. డిగ్రీకి 0.28 శాతం చొప్పున 35 డిగ్రీలకు 9.8 శాతం తగ్గాలి. 500లోంచి 49 పోతే 451. స్ట్రింగు నిక్షేపంగా ఉంది. పోయిందనుకున్న ప్యానెల్ వేడిలో తగ్గిన వోల్టేజీయే.

అదే వేళకు పక్క స్ట్రింగులో 436 వచ్చిందనుకుందాం. తేడా 15. ఆ వేడిలో ఒక ప్యానెల్ వోల్టేజీ 45.1, అందులో మూడో వంతు 15. అంటే ఒక బైపాస్ డయోడ్ షార్ట్ అయి, ప్యానెల్‌లో మూడో వంతును శాశ్వతంగా పక్కన పెట్టేసింది. 406 వచ్చి ఉంటే పూర్తి ప్యానెల్ లెక్కలో లేదని తేలేది. ఇక్కడ ఇంకో లాభం గమనించండి. ఒకే కప్పు మీద, ఒకే వైపు వాలిన రెండు స్ట్రింగులు ఒకే ఎండలో, ఒకే వేడిలో ఉంటాయి. వాటినే ఒకదానితో ఒకటి పోలిస్తే ఉష్ణోగ్రత లెక్క అవసరమే పడదు. పొరుగు స్ట్రింగును మించిన కొలబద్ద లేదు.

షార్ట్ అయిన డయోడ్ ఇలా దొరికిపోతుంది. తెగిపోయిన డయోడ్ దొరకదు. వోల్టేజీ సరిగా ఉంటుంది, కరెంటు సరిగా ఉంటుంది, యూనిట్లు సరిగా వస్తాయి. నీడ పడ్డ రోజున, పక్కదారి ఇవ్వాల్సిన డయోడ్ లేక, ఆ సెల్ కాలిపోతుంది. రెండింటిలో ప్రమాదకరమైనది యూనిట్లు తగ్గించనిదే.

కరెంటు పారితేనే బయటపడే లోపాలు

ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ బాగుంటే అంతా బాగున్నట్టేనన్న భావన చాలా విస్తారంగా ఉంది. అది తప్పు. కరెంటు పారనప్పుడు వదులైన జాయింటు దగ్గర వోల్టేజీ పడదు, కాబట్టి మీటరుకు ఏమీ కనిపించదు. మంచి కనెక్టర్ నిరోధం ఒక మిల్లీ ఓమ్ కంటే తక్కువ. తుప్పు పట్టో, సరిగా బిగించకో అది ఒక ఓమ్‌కు చేరిందనుకుందాం. 10 ఆంపియర్లు పారుతున్నప్పుడు అక్కడ 10 వోల్టులు పడతాయి, 100 వాట్లు వేడిగా మారతాయి. నాలుగైదు వందల వోల్టుల స్ట్రింగులో 10 వోల్టుల నష్టం యాప్‌లో కంటికి ఆనదు. బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కలో 100 వాట్ల వేడి మాత్రం నిప్పుకు దారి. ఎంసీ4 అని పిలిచే కనెక్టర్లలో ఒక కంపెనీది మగ, మరో కంపెనీది ఆడ కలిపితే పైకి చక్కగా అతుకుతాయి. లోపలి లోహం, కొలతలు వేరైనందువల్ల కాలక్రమంలో ఇదే పరిస్థితి వస్తుంది. పరీక్షించి అనుమతించిన జంటలనే కలపాలని నిపుణులు పట్టుబట్టేది అందుకే.

డీసీ ఆర్క్, అంటే సందు మీదుగా గాలిలో దూకే నిప్పురవ్వ, కూడా ఇక్కడే పుడుతుంది. ఏసీ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాను దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోయే వీలుంటుంది. డీసీకి ఆ విరామం లేదు. పారుతున్న కరెంటు మధ్యలో కనెక్టర్‌ను లాగితే వచ్చే ఆర్క్ అలాగే నిలిచి కాల్చేస్తుంది. ఇన్వర్టర్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ స్ట్రింగు వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. ఈ వ్యాసంలోని కొలతలు డీసీ పనిలో శిక్షణ ఉన్న సాంకేతిక నిపుణుల చేతుల్లో ఉండాల్సినవి.

కరెంటు పారేటప్పటి లోపాలను పూర్తిగా చదవగలిగేది ఐవీ కర్వ్ ట్రేసర్. ఇది స్ట్రింగు మీద భారాన్ని సున్నా నుంచి పూర్తి దాకా క్షణాల్లో మారుస్తూ వోల్టేజీ, కరెంటు జోడీలను గీతగా గీస్తుంది. ఆరోగ్యంగా ఉన్న గీత మొదట దాదాపు అడ్డంగా సాగి, మోకాలు దగ్గర వంగి, నిటారుగా కిందికి దిగుతుంది. మధ్యలో మెట్లు కనిపిస్తే కొన్ని సెల్‌లు మిగతావాటి కంటే వెనకబడ్డాయి, డయోడ్లు పక్కదారి పట్టిస్తున్నాయి: నీడ, పక్షి రెట్ట, పగిలిన సెల్. చివరి దిగుడు నిటారుగా లేక ఏటవాలుగా ఉంటే ఎక్కడో నిరోధం పెరిగింది. మొదటి భాగమే జారుతుంటే సెల్‌లలో కరెంటు లోలోపల కారిపోతోంది, లేదా వెలుగు అన్నిటి మీదా ఒకేలా లేదు. ఆకారం చెడకుండా గీత మొత్తం కిందికి దిగితే సమానంగా పరుచుకున్న దుమ్ము. ఒకే పరీక్షలో ఇన్ని కారణాలను విడదీసే పద్ధతి మరొకటి లేదు. కాకపోతే మబ్బులు కదులుతున్న రోజున తీసిన గీత తప్పుదారి పట్టిస్తుంది.

పొద్దున వచ్చి ఎండెక్కాక పోయే లోపం

వాన వెలిసిన మర్నాడో, మంచు కురిసిన పొద్దునో ఇన్వర్టర్ ఎర్ర లైటు వెలిగించి ఐసొలేషన్ ఫాల్ట్ అంటుంది. పదింటికల్లా తనంతట తనే పనిచేయడం మొదలుపెడుతుంది. మెకానిక్ వచ్చేసరికి అంతా సవ్యంగా ఉంటుంది. వైరు పైపొర ఎక్కడో చిట్లింది, లేదా జంక్షన్ బాక్సులోకి నీరు దిగింది. తడిగా ఉన్నంతసేపూ కరెంటు లోహపు ఫ్రేము గుండా ఎర్త్‌కు కారుతుంది, ఆరాక ఆగిపోతుంది. ఇన్వర్టర్ ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు ఈ ఇన్సులేషన్‌ను పరీక్షించుకుంటుంది కాబట్టి పట్టుకుంది. చాలామంది దీన్ని ఇన్వర్టర్ చాదస్తంగా తీసిపారేస్తారు. నిజానికి వ్యవస్థ ఇచ్చే హెచ్చరికల్లో దీనికంటే విలువైనది లేదు.

లోపం గట్టిగా ఉండి, ఆరకుండా నిలిచి ఉంటే దాని చోటును లెక్కతో పట్టుకోవచ్చు. ఇన్వర్టర్ నుంచి విడదీసిన 20 ప్యానెళ్ల స్ట్రింగు, ఒక్కోటి 38 వోల్టులు, మొత్తం 760. ప్లస్ నుంచి ఎర్త్‌కు 228 వోల్టులు, మైనస్ నుంచి ఎర్త్‌కు 532 వచ్చాయి. రెండూ కలిపితే 760, సరిపోయింది. 228ని 38తో భాగిస్తే 6. ప్లస్ వైపు నుంచి ఆరో ప్యానెల్‌కూ ఏడో ప్యానెల్‌కూ మధ్య వైరు ఎర్త్‌ను తాకుతోంది. ఇరవై ప్యానెళ్లూ విప్పాల్సిన పని ఒక్క భాగహారంతో తప్పింది. లోపం లేని స్ట్రింగులో ఈ రెండు కొలతలూ నిలకడగా ఉండకుండా సున్నా వైపు జారిపోతాయి.

తడి లోపాలకు మాత్రం ఈ లెక్క అందదు. అక్కడ మెగ్గర్ కావాలి. అది 500 లేదా 1,000 వోల్టులు ఎక్కించి ఇన్సులేషన్ నిరోధాన్ని కొలుస్తుంది. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 62446-1 ప్రమాణం 120 వోల్టులు దాటిన చిన్న వ్యవస్థలకు కనీసం ఒక మెగా ఓమ్ ఉండాలంటుంది. ఆ కొలత ఎండిన మధ్యాహ్నం బాగుండి, తడి ఉదయం పడిపోతే, లోపం నీటితో వస్తోందని రుజువైనట్టే.

చిన్న ఎర్త్ లోపాన్ని వదిలేస్తే ఏమవుతుందో 2009లో అమెరికాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద దుకాణం కప్పు మీద జరిగిన అగ్నిప్రమాదం చూపించింది. అక్కడి వ్యవస్థలో ఒక ధ్రువాన్ని ఫ్యూజు ద్వారా ఎర్త్‌కు కలిపారు. ఎర్త్ చేసిన ఆ వైరులోనే మొదటి లోపం వచ్చింది. కారిన కరెంటు ఫ్యూజును కాల్చేంత లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. తర్వాత రెండో వైరులో మరో లోపం వచ్చినప్పుడు ఫ్యూజు కాలినా, మొదటి లోపం దారి తెరిచి ఉంచడంతో భారీ కరెంటు పారుతూనే ఉంది. ఫ్యూజు మీదే ఆధారపడ్డ రక్షణలో ఉన్న ఈ గుడ్డి మచ్చను గుర్తించాకే, చిన్న లీకేజీని కూడా కొలిచే పద్ధతుల మీద శ్రద్ధ పెరిగింది.

వేడి చిత్రం, చీకటి చిత్రం

థర్మల్ కెమెరా పనిచేస్తున్న ప్యానెళ్ల ఉష్ణోగ్రతను రంగుల్లో చూపిస్తుంది. ఒకే సెల్ మండుతుంటే పగులో, నీడో. ప్యానెల్‌లో మూడో వంతు వెచ్చగా ఉంటే డయోడ్ కథ. ఒక ప్యానెల్ మొత్తం, లేదా ఒక స్ట్రింగు మొత్తం పొరుగువాటి కంటే కొద్ది డిగ్రీలు సమానంగా వెచ్చగా ఉంటే అది కరెంటు ఇవ్వడం లేదు: మీద పడ్డ వెలుగులో విద్యుత్తుగా బయటికి పోవాల్సిన భాగం కూడా లోపలే వేడిగా మిగిలిపోయింది. దీనికి మంచి ఎండ ఉండాలి. ఐఈసీ 62446-3 ప్రమాణం చదరపు మీటరుకు కనీసం 600 వాట్లు అడుగుతుంది. గాజు మీద ఆకాశం, మబ్బు ప్రతిబింబిస్తే లేని లోపాలు కనిపిస్తాయి.

ఎలెక్ట్రోల్యూమినిసెన్స్ పరీక్ష దీనికి తలకిందులు. చీకట్లో ప్యానెల్‌కు మనమే కరెంటు ఎక్కిస్తే సిలికాన్ కంటికి కనిపించని పరారుణ వెలుగును, సుమారు 1,150 నానోమీటర్ల దగ్గర, వెదజల్లుతుంది. ప్రత్యేక కెమెరాలో పనిచేసే భాగాలు వెలుగుతాయి, తెగిపోయిన ముక్కలు నల్లగా ఉండిపోతాయి. కంటికీ మీటరుకూ అందని వెంట్రుకవాసి పగుళ్లు ఇందులో బట్టబయలవుతాయి.

ఆ పగుళ్లను ఏం చేయాలన్న దగ్గర భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పగిలిన ప్యానెల్‌ను వారంటీ ఉండగానే మార్పించాలని ఒక పక్షం: ఇవాళ నష్టం లేకపోయినా, రోజూ వేడెక్కి చల్లారే సెల్‌లో పగులు పెరిగి, ముక్క విడిపోయి, హాట్ స్పాట్ అవుతుంది. రెండో పక్షం వాదన కూడా తేలిగ్గా తీసెయ్యదగ్గది కాదు. పగుళ్లు పడ్డ చాలా సెల్‌లు ఏళ్ల తరబడి పూర్తి పవర్ ఇస్తూనే ఉంటాయి. సెల్ మీద సన్నని లోహపు తీగలు ఎక్కువగా ఉండే కొత్త డిజైన్లలో ముక్కైన భాగం కూడా ఏదో ఒక తీగకు అంటుకునే ఉంటుంది. నా మొగ్గు మధ్యలో ఉంది. పగులు కనిపించడం కంటే, ముక్క చీకటిగా మారిందా, థర్మల్ కెమెరాలో వేడెక్కుతోందా అన్నవే నిర్ణయించాలి.

ప్యానెళ్లు బాగున్నా ఇన్వర్టర్ ఆగిపోతుంటే

మధ్యాహ్నం మాత్రమే గీత రంపం పళ్లలా పడిలేస్తుంటే ప్యానెళ్లను అనుమానించకముందు గ్రిడ్ వోల్టేజీ చూడాలి. ఇన్వర్టర్ కరెంటును గ్రిడ్‌లోకి నెట్టాలంటే తన దగ్గర వోల్టేజీ కొంచెం ఎక్కువ ఉండాలి. ఆ పెరుగుదల వైరు నిరోధాన్ని బట్టి ఉంటుంది. 230 వోల్టుల వ్యవస్థల్లో చాలా చోట్ల పై హద్దు 10 శాతం ఎక్కువ, అంటే 253. అది దాటితే ఇన్వర్టర్ తప్పుకుంటుంది, కాసేపాగి మళ్లీ కలుస్తుంది.

5 కిలోవాట్లను 230తో భాగిస్తే దాదాపు 21.7 ఆంపియర్లు. ఇన్వర్టర్ నుంచి గ్రిడ్ దాకా రానుపోను నిరోధం 0.4 ఓమ్ అయితే పెరుగుదల 8.7 వోల్టులు. ఇన్వర్టర్ ఆపినప్పుడు మధ్యాహ్నం 246 ఉందంటే, నడిపినప్పుడు 254.7. తప్పుకోక తప్పదు. లావుపాటి కేబుల్ వేసి నిరోధాన్ని 0.15కు దించితే పెరుగుదల 3.3 మాత్రమే, 249.3 దగ్గర హాయిగా నడుస్తుంది. కానీ ఇన్వర్టర్ ఆపినప్పుడే 252 ఉంటే ఏ కేబులూ కాపాడదు. అది విద్యుత్ సంస్థ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర సరిచేయాల్సిన విషయం. బిగించినవాళ్లకూ, విద్యుత్ సంస్థకూ మధ్య నడిచే "తప్పు మీదంటే మీది" వాదన చాలాసార్లు ఈ ఒక్క కొలతతో తేలిపోతుంది: ఇన్వర్టర్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి.

ప్రతి ప్యానెల్‌నూ చూడాలా?

ప్యానెల్‌కొకటి చొప్పున బిగించే మైక్రో ఇన్వర్టర్లు, ఆప్టిమైజర్లు అనే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టెలు ఉన్న వ్యవస్థల్లో ప్రతి ప్యానెల్ ఎంత ఇస్తోందో తెరమీదే కనిపిస్తుంది. లోపం వచ్చిన ప్యానెల్ తనే చెయ్యెత్తుతుంది. స్ట్రింగు ఇన్వర్టర్‌ను సమర్థించేవాళ్లు ఎండలో కాగే కప్పు మీద పదీ ఇరవై ఎలక్ట్రానిక్ పెట్టెలు పెట్టడం అంటే పాడయ్యేవాటి సంఖ్యను పెంచడమేనంటారు. లోపం కనిపించడం తేలిక, మార్చడం కష్టం. నీడలు, రకరకాల వాలులు ఉన్న కప్పుకు మొదటిది, ఒకే వాలుతో నీడలేని కప్పుకు రెండోది నాకు సమంజసంగా తోస్తాయి.

"పాతబడ్డాయి" అన్న తీర్పు దగ్గర ఎక్కువ జాగ్రత్త కావాలి. అమెరికా జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల పరిశోధకులు ప్రచురించిన సమీక్షలో ప్యానెళ్ల తరుగుదల మధ్యస్థ విలువ ఏడాదికి సుమారు అర శాతం. ఒక ఏడాదికీ మరో ఏడాదికీ ఎండలో వచ్చే తేడాయే దానికంటే ఎన్నో రెట్లుంటుంది. కాబట్టి రెండేళ్ల బిల్లులు పక్కపక్కన పెట్టి ప్యానెళ్లు ముసలివయ్యాయని తేల్చలేం. ఏడాదిలో పది శాతం పడిపోయిందంటే అది వయసు కాదు, లోపం. పీఐడీ అనే క్షీణత ఇలాంటిదే. ఫ్రేముకూ సెల్‌లకూ మధ్య ఉండే ఎక్కువ వోల్టేజీ వల్ల గాజులోని సోడియం అయాన్లు సెల్‌లోకి చేరి కరెంటును లోలోపల కారేలా చేస్తాయి. చాలా వ్యవస్థల్లో స్ట్రింగు మైనస్ చివర ఉన్న ప్యానెళ్లు ముందు దెబ్బతింటాయి, నష్టం తక్కువ వెలుగులో ముందుగా తెలుస్తుంది. రాత్రిళ్లు ఎదురు వోల్టేజీ ఇస్తే చాలావరకు కోలుకోవడం దీనిలోని ఊరట.

ఒక కారణం మరోదాన్ని కప్పేస్తే

ఇప్పటిదాకా లోపాలను ఒక్కొక్కటిగా చూశాం. నిజమైన కప్పు మీద అవి కలిసి ఉంటాయి, ఒకదాన్నొకటి దాచిపెడతాయి. 540 వాట్ల ప్యానెళ్లు 13, అంటే దాదాపు 7 కిలోవాట్లు, 5 కిలోవాట్ల ఇన్వర్టర్‌కు కలిపారనుకుందాం. మధ్యాహ్నం 950 వాట్ల వెలుగులో, సెల్‌లు 50 డిగ్రీల దగ్గర ఉంటే ప్యానెళ్లు 5.66 కిలోవాట్లు ఇవ్వగలవు. ఇన్వర్టర్ 5 దగ్గర కోసేస్తుంది. ఒక ప్యానెల్ పూర్తిగా పోయినా 5.2 ఇవ్వగలవు, తెరమీద మాత్రం అదే 5. మధ్యాహ్నపు గీత చూసి అంతా బాగుందనుకుంటాం. నష్టం కనిపించేది వెలుగు 300 వాట్ల దగ్గరుండే పొద్దుటి వేళ, 1.94కు బదులు 1.79గా. అందుకే ఇలాంటి వ్యవస్థల్లో శిఖరాన్ని వదిలేసి, మబ్బులేని రెండు రోజుల ఉదయపు గీతలను, అదే నెలవి, ఏడాది తేడాతో పక్కపక్కన పెట్టి చూస్తారు.